కోరల్‌తో పాటు పురుగు వచ్చింది, అమ్మిన వ్యక్తిపై కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది కడప, ఎర్రముక్కపల్లి. మూడేళ్లుగా ఇంట్లో రీఫ్ ట్యాంక్ (కోరల్స్, అంటే పగడపు జీవులు ఉండే ఉప్పునీటి అక్వేరియం) పెంచుతున్నాను. రెండు నెలల కిందట వేరే రాష్ట్రంలోని ఒకతని దగ్గర 18 వేల రూపాయలకు జోవాలు (జోవాంథిడ్స్ అనే, కోరల్స్ లాంటి మెత్తటి సముద్ర జీవులు) తెప్పించాను. ఒకసారి డిప్ చేసి (పురుగు చచ్చే మందు నీళ్లలో ముంచి) ట్యాంకులో పెట్టాను. మూడు వారాలకు అవి ముడుచుకుపోయాయి. రాత్రి టార్చి వేసి చూస్తే వాటిని తినే, పెంకు లేని నత్తల్లాంటి న్యూడిబ్రాంక్‌లు, అచ్చం జోవాల రంగులోనే, కనబడ్డాయి. నా పాత జోవాలూ పోయాయి. ‘ప్రాణమున్న సరుక్కి గ్యారంటీ లేదు’ అంటున్నాడు. కడపలోనే కేసు వేయొచ్చా? అతను ఉచితంగా పంపిన రెండు అక్రొపోరా (గట్టి కోరల్ రకం) ముక్కలు మాత్రం బాగున్నాయి. పురుగు పట్టిన రాళ్లను ఉడకబెడదామనుకుంటున్నాను.
– ఒక పాఠకుడు

జవాబు: మీరు చివర రాసిన మాటకు ముందు జవాబు చెబుతాను. దయచేసి ఆ రాళ్లను ఉడకబెట్టకండి, వాటిపై వేడినీళ్లు కూడా పోయకండి. కొన్ని జోవాల్లో, ముఖ్యంగా పాలిథోవా రకాల్లో, పాలీటాక్సిన్ అనే ప్రమాదకరమైన విషం ఉంటుంది. ఆ ఆవిరి పీల్చి ఇంట్లోవాళ్లంతా ఆసుపత్రి పాలైన ఘటనలు విదేశాల్లో జరిగాయి. గ్లోవ్స్, కళ్లద్దాలు లేకుండా ఆ రాళ్లను ముట్టుకోకండి.

కేసు కడపలోనే వేయొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం కొన్నవారు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. మీరు చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. గడువు రెండేళ్లు. ఇక ‘గ్యారంటీ లేదు’ అనడం గురించి. ప్రాణమున్నదైనా చట్టం దృష్టిలో అది సరుకే. దారిలో చచ్చిపోతే బాధ్యత లేదని అతను వాదించుకోవచ్చేమో గానీ, పంపేనాటికే పురుగు పట్టిన సరుకు లోపమున్న సరుకే.

కష్టమంతా రుజువు దగ్గరే. అతను రెండు మాటలు అంటాడు. పురుగు మీ ట్యాంకులోనే ఉందనేది ఒకటి, కడప ఎండకు నీళ్లు వేడెక్కి చచ్చాయనేది రెండోది. వేసవిలో మన ఊరి సంగతి తెలిసిన ఎవరికైనా ఆ రెండో మాట నమ్మబుద్ధేస్తుంది. కాబట్టి నీళ్లను చల్లబరిచే చిల్లర్ బిల్లు, రోజువారీ ఉష్ణోగ్రత, ఉప్పు శాతం రాసుకున్న పుస్తకం ఉంటే జాగ్రత్త చేయండి. ఆ మూడు వారాల్లో ట్యాంకులోకి వేరే కోరల్ గానీ రాయి గానీ రాలేదని చూపగలిగితే మొదటి మాటా నిలవదు. దొరికిన న్యూడిబ్రాంక్‌లను, జోవాల అడుగున చుట్టలుగా పెట్టిన గుడ్లను ఫొటో తీసి, కొన్నింటిని స్పిరిట్ సీసాలో దాచండి. యోగి వేమన విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం అధ్యాపకులెవరైనా చూసి ఫలానా జీవి అని రాసిస్తే వినియోగదారుల కమిషన్ ముందు అది చాలా విలువైన కాగితం.

మీ వైపు లోపం కూడా చెప్పాలి. డిప్ చేస్తే పురుగు చస్తుంది, గుడ్లు చావవు. అందుకే వేరే తొట్టిలో కొన్ని వారాలు ఉంచి, మళ్లీ మళ్లీ డిప్ చేస్తారు. మీరు నేరుగా ట్యాంకులో పెట్టారు. నష్టం తగ్గించుకునే ప్రయత్నం చేశారా లేదా అన్నది కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ ప్రకారం చూస్తారు. పాత జోవాలకు మీరడిగే పరిహారం దీనివల్ల తగ్గవచ్చు.

అయితే నాకు అసలు టెన్షన్ ఆ రెండు అక్రొపోరా ముక్కల గురించే. రీఫ్ కట్టే గట్టి కోరల్స్ అన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి. పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. ఆ జాబితాలో జోవాలు లేవు. అక్రొపోరాను ఉచితంగా ఇచ్చినా, పదివేలకు అమ్మినా చట్టానికి తేడా లేదు. షెడ్యూల్ 1 నేరానికి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్లు జైలు, 25 వేలకు తగ్గని జరిమానా. పైగా 57వ సెక్షన్ ప్రకారం మీ దగ్గర దొరికితే అక్రమంగా ఉంచుకున్నారనే భావిస్తారు. సక్రమమని మీరే నిరూపించుకోవాలి. పార్సిల్ విప్పుతూ వీడియో తీసి ఉంటే, జోవాల సంగతి చెప్పే ఆ వీడియోలోనే అక్రొపోరా కూడా కనబడుతుంది.

అలాగని వాటిని పారేయకండి, ఎవరికీ ఇవ్వకండి, అమ్మకండి. ఎక్కడి నుంచి వచ్చాయో, దిగుమతి అయితే సైటిస్ (అంతరించే ముప్పున్న జీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) అనుమతి కాగితాలేవో రాతపూర్వకంగా అడగండి. అతను ఇవ్వకపోతే కాలయాపన చేయకుండా, మీ ఊళ్లో ఒక క్రిమినల్ లాయరును వెంటబెట్టుకుని కడప జిల్లా అటవీ అధికారికి రాతపూర్వకంగా తెలియజేయండి. మీరే ముందు వెళ్లి చెప్పడానికీ, అవతలివాడి జవాబులో ఆ విషయం బయటపడటానికీ చాలా తేడా ఉంది.

అది అయ్యాకే నోటీసు పంపండి. అందులో జోవాల ధర, కొరియర్ ఖర్చు, మందుల ఖర్చు, బిల్లులున్న పాత జోవాల ధర మాత్రమే అడగండి.