సిగార్ తాగుతుంటే మధ్యలో రుచి ఎందుకు మారుతుంది? ఎలా గమనించాలి?

మా నల్లగొండ పల్లెల్లో పొద్దున తియ్యగా ఉన్న కల్లు మధ్యాహ్నానికి పులుస్తుంది. సిగార్ రుచి కూడా మారుతుంది కానీ, దానికి కారణం వేడి. నిప్పు దగ్గరి పొగ వెనక ఉన్న ఆకులోంచి వస్తూ తేమ, తారు, నికోటిన్‌ కొంత అక్కడే వదిలేస్తుంది. తర్వాత ఆ ఆకే కాలుతుంది, పైగా పొగ చల్లారే దూరం తగ్గుతుంది. అందుకే చివర్లో ఘాటు, చేదు.

రుచి చూసేవాళ్లు సిగార్‌ను మూడు వంతులుగా లెక్కేసుకుని, ఏ వంతులో ఏం తగిలిందో రాసుకుంటారు. నిమిషానికి ఒక్క దమ్ము చాలు. తొందరపడితే అంతా మాడు వాసనే. పొగను లోపలికి పీల్చరు, నోట్లోనే తిప్పి వదులుతారు (అలాగని నోటి క్యాన్సర్ ముప్పు పోదు). కొంచెం ముక్కులోంచి వదిలితే అసలు తేడా తెలుస్తుంది. నాలుకకు తీపి, చేదు లాంటివే తెలుస్తాయి. మిరియాలు, కాఫీ, చెక్క వాసన పట్టేది ముక్కే. జలుబు చేసినప్పుడు పచ్చిపులుసు కూడా చప్పగా ఉంటుంది కదా, అదే సంగతి.

చాక్లెట్, దేవదారు అని పుస్తకాల మాటలు వాడక్కర్లేదు. వేయించిన పల్లీలు, బెల్లం, తడి మట్టి అని రాసుకున్నా సరిపోతుంది.

ఇంకోటి, ఆర్పి దాచి మళ్లీ ముట్టిస్తే లెక్క తప్పుతుంది. మా తాత సగం చుట్ట చెవి మీద పెట్టుకుని సాయంత్రం ముట్టించేవాడు. ఆ కంపుకు మా నానమ్మ వాకిట్లోకి వెళ్లిపోయేది.