ఉద్యోగంలో చేరబోయే షబానాకు

షబానా తల్లీ, అస్సలాము అలైకుం.

షికాగోలో ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసింది. నా కళ్లు చెమర్చాయి. ఆ వెంటనే, "స్కార్ఫ్ తీసేసి వెళ్లమని చెప్పనా అక్కా?" అని అడిగింది. ఆ భయం నాకు కొత్త కాదు. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత కొన్నాళ్లు నేనూ తీసేసి తిరిగాను. ఎవరూ తీయమనలేదు, నేనే జడిశాను. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

వేసుకోవాలా వద్దా అన్నది నీకూ అల్లాకూ మధ్య మాట. హైదరాబాదులో పుట్టి, నాలుగేళ్ల వయసులో ఈ దేశం వచ్చిన గజాలా హష్మీ తల కప్పుకోరు. 2025లో వర్జీనియా లెఫ్టినెంట్ గవర్నరుగా గెలిచారు. ఇల్హాన్ ఒమర్ తల కప్పుకునే ఇక్కడి పార్లమెంటులో, అంటే అమెరికా కాంగ్రెసులో, సభ్యురాలిగా అడుగుపెట్టారు. సభలో తలపై ఏదీ ఉండకూడదన్న 181 ఏళ్ల నిబంధనను 2019లో సడలించాల్సి వచ్చింది. ఎవరు అసలు ముస్లిమో తూచేవాళ్లు మసీదులోనూ దొరుకుతారు, ఆఫీసులోనూ దొరుకుతారు. వాళ్లకు జవాబులు చెప్పే పని పెట్టుకోకు.

వేసుకుంటే మాత్రం హక్కు తెలిసి వేసుకో. తుల్సాలో సమంతా ఎలాఫ్ అనే 17 ఏళ్ల పిల్లకు స్కార్ఫ్ కారణంగానే బట్టల షాపులో ఉద్యోగం ఇవ్వలేదు. 2015లో సుప్రీంకోర్టు 8-1తో ఆమె వైపే నిలిచింది. కనీసం 15 మంది పనిచేసే ఏ చోటైనా, మతం చూసి ఉద్యోగంలో వివక్ష చూపకూడదన్న ఆ చట్టం నీకు అండ.

నమాజు సంగతి మొదటి వారంలోనే మేనేజరుతో మాట్లాడు. జుహర్, అదే మధ్యాహ్నం నమాజు, భోజనం టైములో అయిపోతుంది. చిక్కంతా డిసెంబరులోనే. నాలుగుంపావు దాటేసరికి పొద్దు గూకుతుంది, సాయంత్రం చేసే అసర్, పొద్దు గూకాక చేసే మగ్రిబ్ రెండూ ఆఫీసులోనే పడతాయి. "రెండుసార్లు పదేసి నిమిషాలు, ఒక ఖాళీ గది కావాలి" అని సూటిగా అడుగు. నసగకు, క్షమాపణలు చెప్పకు. ఒప్పుకున్నాక అదే మాట ఈమెయిల్లో రాసి పంపు. నేను నోటిమాటతో వదిలేశాను. మేనేజరు మారాక కొత్తాయన అదేం కుదరదన్నాడు. నెల రోజులు మెట్ల కింద, ఎవరి అడుగులు వినిపిస్తాయోనని బిక్కుబిక్కుమంటూ నమాజు చదువుకున్నాను.

వుజూకి, అదే నమాజుకు ముందు కాళ్లూ చేతులూ మొహం కడుక్కోడానికి, బ్యాగులో చిన్న నీళ్ల సీసా ఉంచుకో. సింకు చుట్టూ తడిస్తే నువ్వే తుడిచెయ్యి. ఎవరైనా చూసి అడిగితే చెప్పు, దాచాల్సిందేమీ లేదు.

ఎక్కడో ఏదో ఘోరం జరిగిన రోజున అందరూ నీ మొహం చూస్తారు. సంజాయిషీ ఇవ్వకు. బాధ ఉంటే బాధగా ఉందని చెప్పు, చాలు. ఎయిర్‌పోర్టులో తల తడమాలంటే ఆడ ఆఫీసరునీ విడి గదినీ అడగొచ్చు, మొహమాటపడకు.

ఇంకొకటి. ఆఫీసులో కిబ్లా, అంటే నమాజులో మొహం తిప్పాల్సిన మక్కా దిక్కు, ఎటో ముందే చూసి పెట్టుకో. మన గుంటూరులోలా పడమర కాదమ్మా, అక్కడ ఈశాన్యం.

దువాలతో,
నీ పెద్ద ఖాలా