సర్పంచ్‌గా నిలబడుతున్న అమ్మాయికి

చిట్టితల్లీ,

నామినేషన్ వేశావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం. ఇంకా గుర్తులు కూడా ఇవ్వకముందే పొదుపు సంఘం డబ్బు తిన్నావని ఊరి వాట్సాప్ గ్రూపులో పెడుతున్నారట, నీ నడవడి మీద కూడా రాస్తున్నారట. టెన్షన్‌తో నీకు నిద్ర పట్టడం లేదని విని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నింద వేసేవాడికి జనం దాన్ని నమ్మాల్సిన పని లేదమ్మా. "ఏమో, ఏదో ఉండే ఉంటుంది" అనుకుంటే వాడికి చాలు. నువ్వు ఓట్లు అడగాల్సిన పూటంతా సంజాయిషీలు చెప్పుకుంటూ తిరిగితే ఇంకా మేలు.

నేను కాలేజీలో పాఠం చెప్పేటప్పుడు ఒక ఉదాహరణ తప్పకుండా చెప్పేవాణ్ణి. 1950 ఫిబ్రవరిలో అమెరికా సెనేటర్ జోసెఫ్ మెకార్థీ, విదేశాంగ శాఖలో 205 మంది కమ్యూనిస్టులున్నారని, జాబితా తన చేతిలోనే ఉందని అన్నట్టు పత్రికల్లో వచ్చింది. ఆ రోజుల్లో అక్కడ కమ్యూనిస్టు అంటే దేశద్రోహి కిందే లెక్క. తర్వాత 57 అన్నాడు. అదే నెలలో సెనేట్‌లో 81 అన్నాడు. లెక్క మారుతూ పోయినా భయం మాత్రం దేశమంతా పాకింది. ఆ ఆరోపణల్లో పస లేదని తేల్చిన కమిటీకి అధ్యక్షుడు టైడింగ్స్ అనే సెనేటర్. ఆ ఏడాది ఎన్నికల్లో ఆయన ఫోటో పక్కన కమ్యూనిస్టు నాయకుడి ఫోటో అతికించి, ఇద్దరూ మాట్లాడుకుంటున్నట్టు అచ్చేసి పంచారు. అది అతికించిన బొమ్మేనని కింద రాశారు కూడా. అదెవరు చదువుతారు? ఆయన ఓడిపోయాడు. ఆ బొమ్మ ఒక్కటే కారణమని నేననను గానీ, నీ మీద వచ్చేవి చూసినప్పుడు నాకు అదే గుర్తొస్తోంది.

అయితే నువ్వు తెలుసుకోవాల్సింది మార్గరెట్ చేజ్ స్మిత్ గురించి. అప్పటి సెనేట్‌లో ఉన్న ఒకే ఒక్క మహిళ, మెకార్థీ పార్టీ మనిషే. 1950 జూన్ 1న సభలో లేచి, జనంలో భయాన్ని, ద్వేషాన్ని రేపి, ఇతరుల మీద బురద చల్లి తన పార్టీ గెలవడం తనకు ఇష్టం లేదని చెప్పింది. మెకార్థీ పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు. విమర్శించే హక్కు ప్రతి మనిషికీ ఉండాలని కూడా ఆ ప్రసంగంలోనే అంది. 1954లో మెకార్థీ బలపరచిన మనిషి సొంత పార్టీలోనే ఆమె మీద పోటీకి దిగితే చిత్తుగా ఓడించింది. అదే ఏడాది డిసెంబర్‌లో సెనేట్ 67–22 ఓట్లతో మెకార్థీని అభిశంసించింది.

ఇక నీ సంగతి. డబ్బు గురించిన మాటకు ఒక్కసారే, కాగితంతో, నలుగురి ముందు జవాబు చెప్పు. సంఘం మీటింగ్ పెట్టించి మినిట్స్ పుస్తకం, బ్యాంకు పాస్‌బుక్ బయటపెట్టు. లెక్క నువ్వు చదవొద్దు, నువ్వంటే అంతగా గిట్టని సభ్యురాలి చేత చదివించు. ఆ తర్వాత ఎవరు అడిగినా "సంఘంలో చదివారు కదా, వాళ్లనే అడగండి" అని నీ ప్రచారానికి నువ్వు వెళ్లిపో.

నడవడి మీద మాటకు జవాబే ఇవ్వొద్దు. నీతో పోటీ పడే మగవాళ్లను ఎవరూ అడగని ప్రశ్నకు నువ్వెందుకు రుజువు చూపించాలి? స్క్రీన్‌షాట్లు తేదీతో, నంబరుతో దాచి ఎన్నికల అధికారికి, పోలీసులకు రాసి ఇవ్వు, రసీదు తీసుకో. అభ్యర్థుల వ్యక్తిగత జీవితం జోలికి పోకూడదని ఎన్నికల ప్రవర్తనా నియమావళి మొదట్లోనే ఉంది. పాలనను, పనిని ఎంతైనా విమర్శించవచ్చు.

నాకు ఎక్కువ దిగులు నీ వెంట తిరిగే కుర్రాళ్ల గురించి. ఎదుటివాడి ఇంట్లో విషయాలు పట్టుకొస్తారు, "వాళ్లు చేశారు, మనమూ చేద్దాం" అంటారు. ఒప్పుకోకు. పాత సర్పంచ్ వేసిన సీసీ రోడ్డు ఎందుకు పగిలిందో గట్టిగా అడుగు, బిల్లులు చూపించమను. ఆయన ఇంటి ఆడవాళ్ల ఊసు మాత్రం ఎవరూ ఎత్తకూడదు. వార్డు మెంబరుగా నేను కళ్లారా చూశాను: నిందలు అలవాటైన ఊళ్లో నిజంగా తిన్నవాడు కూడా "ఇదంతా బురద చల్లడమే" అని తప్పించుకుంటాడు. గ్రామసభలో న్యాయంగా లేచి అడిగినవాళ్లను కూడా కక్షతో అడుగుతున్నారంటారు. రేపు నువ్వు గెలిచాక నిన్ను అడిగేవాళ్లు కూడా ఉండాలి కదమ్మా.

పోలింగ్ ముందు రాత్రి ఏదో ఒక కరపత్రం తప్పకుండా వస్తుంది. అప్పుడు జవాబు రాసే టైముండదు. సంఘం లెక్కలు ఒక పేజీలో రాయించి ప్రతి వార్డులో నీ మనిషి దగ్గర ముందే ఉంచు. పాస్‌బుక్ జిరాక్సులు తీసి పెట్టు, ఆదివారం వచ్చి చూస్తాను.

ఆశీస్సులతో,
మీ పెద్దనాన్న