నాటక సమాజానికి వ్యాన్ కొనబోయే ముందు

చిరంజీవి అబ్బాయికి,
బాబాయి ఆశీస్సులు.

సమాజానికి సొంత డీజిల్ వ్యాన్ తీసుకుందామని అందరూ అనుకున్నారట, చాలా సంతోషం. టాటా వాళ్ళ వింగరా, ఫోర్స్ కంపెనీ ట్రావెలరా అని అడిగావు. ఫోన్లో చెబితే సగం చెవిన పడదు, అందుకే రాస్తున్నాను. రెండుసార్లు చదువు, మీ నాన్నకీ చదివి వినిపించు.

అన్నిటికంటే ముందు ఒక మాట. ఖాళీ బండి నడిపి చూసి బేరం కుదుర్చుకోకు. షోరూం వాడైనా, సెకండ్ హ్యాండ్ అమ్మేవాడైనా, డ్రైవర్ పక్కన నిన్నొక్కడినే కూర్చోబెట్టుకుని బైపాస్ మీద ఒక చుట్టు తిప్పుతాడు. అప్పుడు ఏ వ్యానైనా కారులాగే పోతుంది. నీ బండి ఖాళీగా తిరిగేది ఎప్పుడు? పదిమంది ఆర్టిస్టులు, తెరల చుట్టలు, కిరీటాలు గదల పెట్టెలు, హార్మోనియం, రెండు సౌండ్ బాక్సులు, లైట్ల స్టాండ్లు అన్నీ ఎక్కాక ఆ బండి ఎలా లేస్తుంది, ఎలా ఆగుతుంది, ఎలా తిరుగుతుంది అన్నదే నీకు కావాల్సింది. టెస్ట్ డ్రైవ్‌కి ఆరేడుగురిని వెంట తీసుకెళ్ళు. వెనక నాలుగు బియ్యం బస్తాలైనా వేయించు. అమ్మేవాడు మొహం చిట్లించినా ఫర్వాలేదు.

బరువు లెక్క ఇంట్లోనే వేసుకో. ఆర్‌సీలో ఖాళీ బండి బరువు ఒకటి, మొత్తం బరువు ఒకటి, రెండంకెలు ఉంటాయి. వాటి తేడానే బండి మోయగలిగింది. ఆ తేడా 1,100 కిలోలు ఉందనుకో. డ్రైవర్‌తో కలిపి పదకొండు మంది, మనిషికి సగటున 65 కిలోలు వేసుకుంటే 715 పోయాయి. మిగిలింది 385. నీ సామానంతా ఒకసారి పాత ఇనుము కొట్టు కాటా మీద తూయించు. సౌండ్ బాక్సులే ఎంత తూగుతాయో చూస్తే ఆశ్చర్యపోతావు. సీట్లు ఉన్నాయి కదా అని మనుషుల్నీ, చోటు ఉంది కదా అని సామాన్నీ ఎక్కిస్తూ పోతే, ఆ భారం టైర్ల మీదా బ్రేకుల మీదా పడుతుంది.

ఇప్పుడు రెండు బళ్ళ సంగతి. టాటా వింగర్ 2007లో వచ్చింది. రెనో వాళ్ళ ట్రాఫిక్ అనే వ్యాన్‌ని ఆధారం చేసుకుని కట్టారు. ఇప్పటి బీఎస్-6 (కొత్త పొగ నిబంధనలకి తగ్గ) బండిలో 2,179 సీసీ ఇంజన్, 100 హార్స్ పవర్, 200 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే మెలిపెట్టి తిప్పే బలం. ఈ బండిలో ఇంజన్ బలం ముందు చక్రాలకే వెళ్తుంది. ఇంజన్ బలాన్ని వెనక చక్రాలకి మోసే పొడుగు కడ్డీ, ప్రొపెల్లర్ షాఫ్ట్, కింద లేదు కాబట్టి ఫ్లోర్ ఎత్తు తక్కువ. మోకాళ్ళ నొప్పులున్న మన పెద్ద నటులు కూడా తేలిగ్గా ఎక్కి దిగుతారు. సీట్లో కూర్చుంటే కుదుపు తక్కువ. మంచి తారు రోడ్డు మీద మనుషుల్ని తిప్పడానికి నాకు వింగరే ఇష్టం.

ఫోర్స్ ట్రావెలర్ ఇంకా పాతది. కంపెనీ పేరు బజాజ్ టెంపోగా ఉన్న రోజుల్లో, 1987లో, మెర్సిడెస్ వ్యాన్ ఆధారంగా తెచ్చారు. మనవాళ్ళు ఇప్పటికీ టెంపో ట్రావెలర్ అనే అంటారు. బీఎస్-6 బండిలో 2,596 సీసీ, 115 హార్స్ పవర్, 350 న్యూటన్ మీటర్లు. హార్స్ పవర్‌లో రెంటికీ పెద్ద తేడా లేదు, నువ్వు చూడాల్సింది టార్క్. ఆ 350 కూడా 1,400 నుంచి 2,200 ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) మధ్యే దొరుకుతుంది. అంటే నిండు బండిని గేర్‌లో వేసి క్లచ్ వదులుతుంటే ఇంజన్‌ని అరిపించకుండానే కదులుతుంది. బలం వెనక చక్రాలకు. పేరు పక్కన 3050, 3350 అని ఉంటాయే, అవి ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య దూరం, మిల్లీమీటర్లలో. నీకు 3350 సరిపోతుంది. అంతకంటే పొడుగుది మన ఊళ్ళ సందుల్లో తిరగదు.

ముందు చక్రాలా, వెనక చక్రాలా అన్నది చిన్న విషయం అనుకోకు. వింగర్‌లో నువ్వు సామానంతా వెనక తలుపు దగ్గర, ఇరుసుకి అవతల పేర్చావనుకో. ఆ బరువు తోకని కిందికి నొక్కి ముక్కుని కొంచెం లేపుతుంది. బండిని లాగాల్సింది ముందు చక్రాలు, వాటి మీదే బరువు తగ్గిపోతుంది. స్టీరింగ్ చేతిలో తేలికైపోతుంది, తడి రోడ్డు మీద ఎత్తు ఎక్కేటప్పుడు చక్రం గిర్రున తిరుగుతుంది, బండి కదలదు. మనం ఆడేదంతా కాలవ గట్లెంబడి ఊళ్ళు, నల్లరేగడి నేల. గుడి వెనక ఖాళీ స్థలంలో బండి పెట్టమంటారు. తెల్లవారుజామున ఒక్క జల్లు పడితే చాలు, ఆ బంకమట్టిలోంచి బయటికి రావాలి. అక్కడ వెనక చక్రాల మీద బరువుండి, వెనక చక్రాలే తోసే బండి మేలు. అందుకే సామాను మోసే సమాజానికి నా ఓటు ట్రావెలర్‌కే. సెట్లూ సౌండూ వేరే బండిలో పంపి, మనుషులు మాత్రమే వెళ్ళేట్టయితే వింగర్ తీసుకో, నాకేం అభ్యంతరం లేదు.

ఏది తీసుకున్నా సామాను సర్దే పద్ధతి ఒకటే. సౌండ్ బాక్సులు, ఇనప స్టాండ్లు, గదలు కిరీటాల ట్రంకులు నేల మీద, రెండు ఇరుసుల మధ్యకి వచ్చేట్టు, చివరి సీటు వీపుకి ఆనించి పెట్టాలి. తెరల చుట్టలు పొడుగ్గా సీట్ల కింద నడవా వారగా వెయ్యి, నడవాలో అడ్డంగా మాత్రం వెయ్యకు, ప్రమాదం జరిగితే మనుషులు బయటికి రావాల్సింది ఆ దారినే. దుస్తుల మూటలు, విగ్గుల పెట్టెలు పైన. ప్రతి బరువైన పెట్టెకీ బెల్టు బిగించాలి. 60 స్పీడులో వెళ్తూ గట్టిగా బ్రేక్ కొడితే బండి ఆగుతుంది కానీ కట్టని పెట్టె ఆగదు, ముందు సీట్లో నిద్రపోతున్నవాడి మెడ మీదికి వస్తుంది. టాప్ మీద క్యారియర్ వేయించి ట్రంకులు పైకెక్కిద్దామని ఎవరో ఒకరు అంటారు, ఒప్పుకోకు. అసలే ఎత్తు బండి, పైన బరువు పెడితే మలుపులో పక్కకి ఒరుగుతుంది. ఒంగోలు హైవే మీద గాలి రోజున లారీని దాటుతుంటే స్టీరింగ్ లాగేస్తుంది చూడు, పైన సామానుంటే అది రెట్టింపవుతుంది.

పాత బండి చూస్తున్నానన్నావు కదా, పొద్దున్నే వెళ్ళు. నువ్వు వెళ్ళేసరికి ఇంజన్ వేడెక్కి ఉంటే, ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చెయ్. చల్లటి ఇంజన్ ఒక్క సెల్ఫ్‌కి అందుకోవాలి. పొగ చూడు. నీలంగా వస్తే ఇంజన్ ఆయిల్ తాగుతున్నట్టు. ఎక్సలరేటర్ నొక్కినప్పుడు నల్లగా దట్టంగా వస్తుంటే ఎయిర్ ఫిల్టరో, ఇంజెక్టర్లో, ఇంజన్‌లోకి గాలి తోసే టర్బోనో చూపించాలి. ఇంజన్ ఆడుతుండగా ఆయిల్ పోసే మూత తీసి అరచెయ్యి అడ్డం పెట్టు. ఆవిరి బుసబుసా కొడితే పిస్టన్ రింగులు అరిగాయి, ఆ బండి వద్దు. క్లచ్ తెలుసుకోవాలంటే హ్యాండ్ బ్రేక్ వేసి మూడో గేర్‌లో మెల్లగా క్లచ్ వదులు. ఇంజన్ వెంటనే ఆగిపోతే క్లచ్ బాగున్నట్టు, ఆగకుండా ఆడుతూనే ఉంటే ప్లేటు జారుతోంది. వింగరైతే స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకి తిప్పి మెల్లగా గుండ్రంగా తోలు, ముందు చక్రం దగ్గర టకటకమంటే యాక్సిల్ జాయింటు పోయినట్టే. ట్రావెలరైతే ఎక్సలరేటర్ వదిలినప్పుడు వెనకనించి కూత వస్తుందేమో విను. అది క్రౌన్ పినియన్, అంటే వెనక ఇరుసులోని పళ్ళ చక్రాల కూత, ఖర్చు పెద్దది.

నడిపేవాడికి చెప్పాల్సినవి ఉన్నాయి. ఈ డీజిల్ ఇంజన్లని పెట్రోల్ బండిలా గింజుకునేలా తోలక్కర్లేదు, అలాగని టాప్ గేర్‌లో గుడుగుడుమంటూ ఈడ్పించనూ కూడదు. ఎత్తు కనపడగానే, బండి అడిగేదాకా ఆగకుండా, ఒక గేర్ తగ్గించాలి. శివరాత్రికి శ్రీశైలం వెళ్తారు కదా, దోర్నాల దాటాక ఘాట్ మొదలు. ఏ గేర్‌లో ఎక్కావో అదే గేర్‌లో దిగు. బ్రేక్ మీదే కాలు ఉంచి దిగితే డ్రమ్ములు కాలి వాసనొస్తుంది, తర్వాత పెడల్ నొక్కినా బండి ఆగదు. వాసన వస్తే పక్కకి ఆపి చల్లారనివ్వండి, నీళ్ళు మాత్రం పొయ్యొద్దు. డీజిల్ మిగులుతుందని దిగువలో ఇంజన్ ఆపి వదిలేవాళ్ళున్నారు. ఇంజన్ ఆగితే పవర్ స్టీరింగ్ ఉండదు, బ్రేక్‌కి బూస్టర్ సాయం ఉండదు. అలాంటి డ్రైవర్‌కి తాళం ఇవ్వకు.

ఓవర్‌టేక్ గురించి గట్టిగా చెప్పు. ఈ బళ్ళకి స్పీడ్ గవర్నర్ ఉంటుంది, వేగాన్ని 80 దాటనివ్వదు. ముందు లారీ 70లో పోతోందనుకో, మీకున్న తేడా గంటకి 10 కిలోమీటర్లే. దాన్ని పూర్తిగా దాటి మళ్ళీ మీ వరసలోకి రావడానికి ఓ 50 మీటర్లు ముందుకెళ్ళాలి, దానికి 18 సెకన్లు పడుతుంది. ఆ 18 సెకన్లలో మీ బండి 400 మీటర్లు పోతుంది. ఎదురుగా కారు 80లో వస్తుంటే అదీ 400 మీటర్లు వస్తుంది. అంటే 800 మీటర్ల దూరం ఖాళీగా కనపడకపోతే సింగిల్ రోడ్డు మీద బయటికి తియ్యకూడదు. రాత్రి హెడ్‌లైట్ల వెలుగులో అంత దూరం ఎవరికీ కనపడదు.

బీఎస్-6 బండైతే సైలెన్సర్ దారిలో మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది. ఊళ్ళోనే తిరుగుతుంటే అది నిండి మీటర్‌లో లైట్ వెలుగుతుంది. అప్పుడు ఇంజన్ ఆపెయ్యకుండా హైవే ఎక్కి, లైట్ ఆరేదాకా 60 స్పీడులో ఓ ఇరవై నిమిషాలు తోలాలి, మసి కాలిపోతుంది. ఆయిల్ కూడా కంపెనీ చెప్పిన గ్రేడే పొయ్యాలి. దూరం నుంచి వచ్చి ఆగాక ఓ నిమిషం ఇంజన్ ఆడనిచ్చి ఆపితే టర్బో నాలుగు కాలాలు ఉంటుంది. డీజిల్ ఫిల్టర్ కింద నీళ్ళు వదిలే మర ఉంటుంది, వానాకాలంలో మర్చిపోవద్దు.

కాగితాల సంగతి మీ నాన్నకి ముఖ్యంగా చెప్పు. బండి కిరాయికి తిప్పరు, మీ సమాజం వాళ్ళనే ప్రదర్శనలకి తీసుకెళ్తుంది. డ్రైవర్ కాక ఆరుగురికి మించి ఎక్కే అలాంటి బండిని మోటారు వాహనాల చట్టం ప్రైవేట్ సర్వీస్ వెహికల్ అంటుంది, దానికి వేరే పర్మిట్ ఉంది. ఆర్టీఓ ఆఫీసులో ఆ పేరు పెట్టి అడగండి. సీట్లు పీకి సామాను చోటు చేసుకుందామని అనుకుంటే ముందు అనుమతి తీసుకుని ఆర్‌సీలో ఎక్కించుకోవాలి, చట్టంలో 52వ సెక్షన్ అదే. తిరుగు ప్రయాణంలో ఖాళీ చోటుంది కదా అని పక్కూరి మిర్చి బస్తాలు వేసుకు రావడాలు వద్దు, అది మనుషుల బండి. ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్ళకి అదొక్క సాకు చాలు. లైసెన్స్ విషయంలో కంగారు అక్కర్లేదు. మొత్తం బరువు 7,500 కిలోలు దాటని రవాణా బండిని ఎల్ఎంవీ (తేలిక బళ్ళ) లైసెన్స్‌తో నడపొచ్చని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) మాత్రం ఎనిమిదేళ్ళదాకా రెండేళ్ళకోసారి, ఆపైన ఏటా చేయించాలి.

ఇంకొకటి, ఇది మీ సమాజం తీర్మానంలా రాసుకోండి. ఆ రాత్రి వేషం కట్టినవాడు స్టీరింగ్ పట్టకూడదు. మన పద్యనాటకం అయ్యేసరికి రెండో మూడో అవుతుంది. రంగు కడుక్కుని, నాలుగు మెతుకులు తిని బయల్దేరితే తెల్లవారుజామున అందరూ గురకలు పెడుతుంటారు, డ్రైవర్‌కీ ఆ గాలి తగులుతుంది. బండి తోలేవాడు సాయంత్రం చేరగానే భోంచేసి నాటకం జరిగినంతసేపూ పడుకోవాలి. చప్పట్లు వినపడినా లేవకూడదు. డ్రైవర్ అనే మనిషిని జీతమిచ్చి పెట్టుకునే స్తోమత లేకపోతే బండి కొనడం ఇంకో ఏడాది వాయిదా వేసుకోండి, అప్పటిదాకా అద్దె బండే నయం.

బండి చూడ్డానికి ఎప్పుడు వెళ్తున్నారో ముందురోజు ఫోన్ చెయ్యి. నాకు తెలిసిన మంచి డీజిల్ మెకానిక్ ఉన్నాడు, వెంటబెట్టుకుని వస్తాను. బియ్యం బస్తాల సంగతి మాత్రం నువ్వు చూసుకో.

ఇట్లు,
మీ బాబాయి