డైరీ రాస్తే రాని కృతజ్ఞత, మా నాయనకు నీళ్లు పోస్తుంటే వచ్చింది

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఆరు నెలలుగా రోజూ రాత్రి మూడు మంచి విషయాలు డైరీలో రాస్తున్నారు, కానీ మనసులో కృతజ్ఞత అన్నది కదలడం లేదు. దేవుడి మీద నమ్మకం లేదు కాబట్టి ఎవరికి చెప్పుకోవాలో తెలియడం లేదు. బౌద్ధంలో దీనికేమైనా దారి ఉందా అని అడిగారు.

నేను పండితుణ్ణి కాను. దర్శిలో ట్రాక్టర్ స్పేర్ పార్టుల కొట్టు నడుపుతాను. డైరీ నేనూ రాశాను. కాఫీ, వాన, ఆరోగ్యం. పదిహేను రోజులకు మళ్లీ కాఫీ, వాన, ఆరోగ్యం. హోంవర్కులా తయారైంది, మానేశాను.

నాకు మొదట పనికొచ్చింది కృతజ్ఞత అనే మాటకు అర్థం. పాత బౌద్ధ గ్రంథాల భాష అయిన పాళీలో కతఞ్ఞుతా అంటారు. కత అంటే చేసినది, దాన్ని ఎరిగి ఉండటం కతఞ్ఞుతా. మన కృతజ్ఞత కూడా అక్షరాలా అదే. ఒళ్లు పులకరించాలని, కళ్లు చెమర్చాలని ఆ మాటలో ఎక్కడా లేదు. ఎవరు ఏం చేశారో తెలియాలి, అంతే. దానికి జంటగా కతవేది అనే ఇంకో మాట వస్తుంది. తెలిసినదాన్ని బయటికి తెలియజేసేవాడు అని. లోకంలో ఇద్దరు అరుదుగా దొరుకుతారని అంగుత్తర నికాయం అనే బుద్ధుడి బోధల సంకలనంలో ఉంది: ముందుగా మేలు చేసేవాడు ఒకడు, ఆ మేలు ఎరిగి తిరిగి చూపేవాడు ఒకడు.

మన ఇళ్లల్లో థాంక్స్ చెప్పుకునే అలవాటు లేదు. అమ్మకు థాంక్స్ చెబితే "ఏంరా, ఒంట్లో బాగాలేదా?" అని నుదురు పట్టుకు చూస్తుంది. మనకున్న మాట ఋణం. "మీ ఋణం తీర్చుకోలేను" అంటాం. కొట్టువాణ్ణి కాబట్టి ఋణం సంగతి నాకు కొంచెం ఎక్కువ తెలుసు. బాకీ ఉన్న రైతు మా కొట్టు ముందు నుంచి పోడు, వెనక సందులోంచి తిరిగి పోతాడు. మంచివాడే, నా మీద కోపమూ లేదు, కానీ ముఖం చూపించలేడు. మేలు చేసినవాళ్ల దగ్గర నేనూ అట్లాగే తప్పుకు తిరిగేవాణ్ణని చాలా ఆలస్యంగా తెలిసింది. ముఖ్యంగా మా నాయన దగ్గర.

2019లో నాయనకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క మొత్తం పడిపోయింది. మంచం మీంచి లేపి, కుర్చీలో కూర్చోబెట్టి, నీళ్లు పోసి, బట్టలు మార్చడం నా పని. చేసేవాణ్ణి గానీ లోపల మంట. ఎందుకంటే ఆయన పేకాటలో రెండెకరాలు పోగొట్టాడు. ఇంటర్ మధ్యలో నా చదువు ఆగింది అందుకే. "ఇట్లాంటి మనిషికి నేనెందుకు చేయాలి" అనుకుంటూనే సబ్బు రుద్దేవాణ్ణి.

ఆ రోజుల్లో ఒక ఆదివారం స్నేహితుడు చందవరం తీసుకుపోయాడు. దొనకొండ మండలంలో, గుండ్లకమ్మ ఒడ్డున ఉంటుంది. అక్కడి సింగరకొండ మీద శాతవాహనుల కాలం నాటి బౌద్ధ మహాస్తూపం ఉంది (అద్దంకి దగ్గరి సింగరకొండ వేరు, దారి అడిగేటప్పుడు చాలామంది పొరబడతారు). 1964లో పురావస్తు శాస్త్రవేత్త వేలూరి వెంకట కృష్ణశాస్త్రి గారు దాన్ని కనుగొన్నారు. అప్పటిదాకా మా చుట్టుపక్కల ఊళ్లకు అది ఉత్త దిబ్బే. ఆ రోజు స్నేహితుడు ఇచ్చిన చిన్న పుస్తకంలో తల్లిదండ్రుల గురించి బుద్ధుడు చెప్పిన మాటలు ఉన్నాయి. ఒక భుజం మీద తల్లిని, ఇంకో భుజం మీద తండ్రిని పెట్టుకుని నూరేళ్లు మోసినా, నలుగు పెట్టి, నీళ్లు పోసి, ఒళ్లు పట్టినా, వాళ్లు ఆ భుజాల మీదే మలమూత్రాలు విడిచినా, చేసినదానికి బదులు తీరదు అని. అంత పచ్చిగా చెప్పారంటే, ఆ కాలంలోనూ మంచం పట్టిన ముసలివాళ్లకు ఎవరో ఒకరు చేస్తూనే ఉండి ఉంటారు.

ఎందుకు తీరదో కూడా అక్కడే ఉంది. వాళ్లు పెంచారు, పోషించారు, ఈ లోకాన్ని చూపించారు. వాళ్లు మంచివాళ్లు కాబట్టి అని లేదు! నేను ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. అప్పటిదాకా నా తూకంలో నాయన మంచివాడని తేలితేనే ఆయన చేసినదాన్ని ఒప్పుకోవాలని కూర్చున్నాను. తూకం అవసరం లేదట. ఏం చేశాడో చూస్తే చాలు. సాగర్ కాలువలో నాకు ఈత నేర్పింది ఆయనే. ఆయిల్ ఇంజన్ విప్పి ముందేసుకుని పానాలు అందించమనేవాడు. తప్పు పానా ఇస్తే తిట్టేవాడు. బోల్టును కంటితో చూసి సైజు చెప్పడం నాకు అక్కడే వచ్చింది, ఇవాళ నాకు కూడు పెడుతున్నది ఆ విద్యే. పోయిన రెండెకరాలు అట్లాగే ఉన్నాయి, ఆ కోపం పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను. కానీ పేకాట పేకాటే, పానా పానాయే. మర్నాడు నీళ్లు పోస్తుంటే చేయి కొంచెం మెత్తగా పడింది.

అదే బోధలో బదులు తీర్చే మార్గం కూడా ఒకటి చెప్పారు: తల్లిదండ్రుల్ని శ్రద్ధలో, శీలంలో, త్యాగంలో, ప్రజ్ఞలో నిలబెట్టడం. మా నాయనకు నేను శీలం చెప్పబోతే ఎడమ చేత్తోనైనా చెప్పు తీసేవాడు. అది నావల్ల కాలేదు. రెండేళ్లకు పోయాడు.

ఇక డైరీకి బదులు నేను పట్టుకున్నది నైకన్. జపాన్‌లో యోషిమోటో ఇషిన్ అనే ఆయన తన బౌద్ధ సంప్రదాయపు సాధనలోంచి తయారుచేసిన పద్ధతి. ఒక మనిషిని తలచుకుని మూడు ప్రశ్నలు వేసుకోవాలి. వాళ్ల నుంచి నేనేం పొందాను? వాళ్లకు నేనేం ఇచ్చాను? వాళ్లకు నేనేం ఇబ్బంది పెట్టాను? వాళ్లు నన్నేం ఇబ్బంది పెట్టారన్న నాలుగో ప్రశ్న లేదు. అది మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. మా ఆవిడ మీద ఒక వారానికి రాసి చూశాను. మొదటి ప్రశ్నకు పేజీ నిండింది, అందులో నాయన దుప్పట్లు నాలుగుసార్లు ఉతికిన లెక్క ఉంది. రెండోదానికి గ్యాస్ బండ తెచ్చాను అన్న ఒక్క ముక్క. మూడోది ఇక్కడ రాయను. ఆ తర్వాత దుప్పట్లు నేను ఉతకడం మొదలుపెట్టాను. ఆమె "సూర్యుడు పడమర పొడిచాడా?" అంది. మీరూ "మంచి విషయాలు" అని కాకుండా ఒక మనిషి పేరుతో, జరిగినవి జరిగినట్టు రాసి చూడండి. రోజూ అక్కర్లేదు, వారానికి ఒకరు చాలు.

అన్నం దగ్గర ఇంకొకటి చేస్తాను. జెన్ అనే బౌద్ధ శాఖ మఠాల్లో భోజనానికి ముందు అయిదు విషయాలు తలచుకుంటారు, వాటిలో మొదటిది ఈ తిండి వెనక ఎంత శ్రమ ఉంది, ఎక్కడి నుంచి వచ్చింది అని. నేను మొదటి ముద్ద వరకే తలచుకుంటాను: కాలువ నీళ్లు, నాట్లు వేసిన ఆడవాళ్లు, నా దగ్గరే బెల్టు అరువు తీసుకున్న కోత మిషన్ డ్రైవర్. ఎక్కువసేపు తలిస్తే అన్నం చల్లారుతుంది.

దేవుడు లేకపోతే ఎవరికి అన్నారు. ఎవరు చేస్తే వాళ్లకే. జ్ఞానోదయం అయ్యాక బుద్ధుడు ఒక వారం పాటు తనకు నీడనిచ్చిన బోధివృక్షాన్ని రెప్ప వేయకుండా చూస్తూ నిలబడ్డాడని సంప్రదాయం చెబుతుంది. చెట్టుకే చెప్పుకున్నప్పుడు మనకు మనుషులు తక్కువా?

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త. "నీకు పనిచ్చాను, విశ్వాసం లేదా?" అని యజమానులు వాడే కృతజ్ఞత వేరు. గృహస్థుల నడవడి గురించి బుద్ధుడు చెప్పిన సిగాలోవాద సుత్తంలో పనివాళ్లకు యజమాని చేయాల్సినవి అయిదు ఉన్నాయి: శక్తికి తగ్గ పని చెప్పడం, తిండి, జీతం ఇవ్వడం, జబ్బు చేస్తే చూసుకోవడం, రుచికరమైనవి వస్తే పంచడం, సమయానికి సెలవివ్వడం. మా కొట్టు కుర్రాడు నాకు ఋణపడి ఉన్నాడని ఏళ్ల తరబడి అనుకున్నాను, వాడి జీతం మాత్రం పదో తారీఖుకు గానీ ఇచ్చేవాణ్ణి కాదు. ఇప్పుడు ఒకటో తారీఖున ఇస్తున్నాను. మామిడిపళ్ల బుట్ట వస్తే ముందు వాడి ఇంటికి పోతుంది. వాడికి ఇంకా అనుమానంగానే ఉంది.

చందవరం చూడాలనిపిస్తే చలికాలంలో రండి. ఎండల్లో మాత్రం మధ్యాహ్నం కొండ ఎక్కకండి, నీళ్లు వెంట తెచ్చుకోండి. దర్శి మీదుగా వస్తే కొట్టు దగ్గర ఆగండి, టీ తాగి పోదురు.