మేడిపండులో పురుగులుంటే తప్పేముంది?

ప్రశ్న: మేడమ్, మా అమ్మకు సామెత లేనిదే మాట సాగదు. నీటుగా తయారైన వాళ్లను చూస్తే ‘పైన పటారం, లోన లొటారం’ అంటుంది. నలిగిన చొక్కా మనిషిని నేనేమైనా అంటే ‘మెరిసేదంతా బంగారం కాదే’ అని నన్నే కసురుతుంది. అదే అమ్మ ఇంకోరోజు ‘ఇల్లు చూసి ఇల్లాలిని చూడు’ అంటుంది. ఎటు తిప్పితే అటు తిరిగే మాటల్లో జ్ఞానమేమిటని మా తమ్ముడి వాదన. త్వరలో మా ఆఫీసులో ఇంటర్వ్యూ బోర్డులో మొదటిసారి కూర్చోబోతున్నాను. ఈ సామెతలు నాకేమైనా పనికొస్తాయా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ తమ్ముడి వాదన సగం ఒప్పుకుంటాను. నీటుగా ఉన్నవాడు మోసం చేస్తే ‘పైన పటారం’ వెంటనే నాలుక మీదికొస్తుంది. అలాంటివాడే నిజాయితీగా పని చేసి వెళ్లిపోతే ఏ సామెతా గుర్తు రాదు. తప్పిన లెక్కలు ఎవరూ రాసిపెట్టరు కాబట్టి సామెత ఎప్పుడూ నెగ్గుతున్నట్టే ఉంటుంది.

మిగతా సగం మాత్రం ఒప్పుకోను. వృక్షశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, నా ధోరణిలో మేడిపండుతోనే మొదలుపెడతాను. పైకి నిగనిగ, విప్పితే పురుగులు. వేమన పద్యంలో మొదటి రెండు పాదాలూ అందరికీ వచ్చు. మూడోది చాలామంది వదిలేస్తారు: ‘పిరికివాని మదిని బింకమీలాగురా’. ఆయన గురి పిరికివాడి డాంబికం మీద. అందంగా కనబడే ప్రతివాడినీ అనుమానించమని ఆయన చెప్పలేదు, ఆ పని మనం చేస్తున్నాం.

ఇక ఆ పురుగుల సంగతి. మేడిపండంటే లోపలికి ముడుచుకున్న పూలగుత్తి. వందల చిన్నచిన్న పూలు లోపలే ఉంటాయి, బయటికి ఒక్కటీ కనబడదు. కందిరీగ జాతికి చెందిన చిట్టి ఆడపురుగు కొసనున్న సన్నటి రంధ్రంలోంచి దూరుతుంది. ఆ ఇరుకులో రెక్కలు ఊడిపోతాయి. తెచ్చిన పుప్పొడి పూలకు అంటించి, గుడ్లు పెట్టి, అక్కడే చచ్చిపోతుంది. దాని పిల్లల్లో మగవాటికి రెక్కలుండవు, బయటికి దారి తొలవడం వాటి పని. ఆడవి పుప్పొడి మోసుకుని ఆ దారిన ఎగిరిపోతాయి. ఈ పురుగు రాకపోతే మేడికి గింజ పట్టదు. పైపైన చూసినవాడు బాగుందన్నాడు, విప్పి చూసినవాడు పాడైందన్నాడు. నన్నడిగితే రెండోవాడు ఇంకా తొందరపడ్డాడు, పైగా లోపలిదాకా చూశానన్న ధీమా కూడానూ!

ప్రాక్టికల్ పరీక్షలో స్పాటర్లని పెట్టేవాళ్లం. బల్ల మీద నమూనా, పక్కన నంబరు, చూసి పేరు రాయాలి. నేను ఒక కాక్టస్‌నూ, అచ్చం దానిలాగే ఉండే యుఫోర్బియానూ పక్కపక్కన పెట్టేదాన్ని. రెంటికీ ఆకుల్లేవు, లావుపాటి పచ్చటి కాండం, నిండా ముళ్లు. చుట్టరికం మాత్రం లేదు. కాక్టస్‌లు దాదాపు అన్నీ అమెరికా ఖండాలవి. ఇలాంటి యుఫోర్బియాలు ఎక్కువగా ఆఫ్రికావి. నీటి కరువే రెంటినీ ఒకే రూపానికి తెచ్చింది. గిల్లితే యుఫోర్బియాకు తెల్లటి పాలు కారతాయి, కంట్లో పడితే మంట. తెల్లనివన్నీ పాలు కావన్నది అక్షరాలా ఇక్కడే! కానీ తెలిసిన పిల్లలు గిల్లేవాళ్లే కాదు. కాక్టస్ ముళ్లు నూగులాంటి చిన్న మెత్త మీంచి పుడతాయి, యుఫోర్బియాకు చాలావరకు జంట ముళ్లు. అది చూసి రాసేసేవాళ్లు. వాళ్లు చూసిందీ పైరూపమే కదా!

అందుకే పైన, లోన అనే విభజన నాకు నచ్చదు. చూసిన గుర్తుకూ తేల్చాల్సిన విషయానికీ సంబంధం ఉందా? నేనైతే అదే అడుగుతాను. అన్నం ఉడికిందా అంటే ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలనే సామెత అలా చూస్తే గట్టిది. ఆ మెతుకు అదే నీళ్లలో, అదే మంట మీద ఉడికింది. ‘ఇల్లు చూసి ఇల్లాలిని’ కూడా కొంత అలాంటిదే, చేతిపని చూసి మనిషిని అంచనా వేయమంటుంది. (ఇంటాయన చేతులు ఏం చేస్తున్నాయో ఆ సామెత అడగదు. అది వేరే గొడవ.) చొక్కా ఇస్త్రీకీ లెక్కల్లో నిజాయితీకీ అలాంటి ముడి ఏదీ లేదు. మెరుపు సామెత ఆగమని చెప్పి ఊరుకుంటుంది. ఆగాక ఏం చేయాలో కంసాలికి తెలుసు: గీటురాయి తీస్తాడు.

మీ ఇంటర్వ్యూకి వద్దాం. 2006లో విల్లిస్, టోడొరోవ్ అనే పరిశోధకులు కొత్త ముఖాలను సెకనులో పదోవంతు మాత్రం చూపించి, నమ్మదగ్గ మనిషేనా అని అడిగారు. ఎక్కువసేపు చూపించినా అభిప్రాయం పెద్దగా మారలేదు, దాని మీద నమ్మకం మాత్రం పెరిగింది. కాబట్టి ‘బాగా చూసి తేల్చుకుంటాను’ అనుకోకండి. 1920లో థార్న్‌డైక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, సైన్యాధికారులు కింది అధికారులకు వేసిన అంకెలు పరిశీలించాడు. దేహదారుఢ్యానికి ఎక్కువ పడితే తెలివికీ, నాయకత్వానికీ, గుణానికీ కూడా ఎక్కువే పడుతున్నాయి. ఒక్క మంచి ముద్ర మిగతా గడులన్నీ నింపేస్తోంది.

అభ్యర్థి గదిలోకి రాకముందే ప్రశ్నలు రాసి పెట్టుకోండి, అందరినీ అవే అడగండి. చేయాల్సిన పనిలోంచి ఒక చిన్న ముక్క ఇచ్చి మీ ఎదుటే చేయించండి, మీ మెతుకు అదే. ఏ జవాబుకు మార్కు ఆ జవాబు కాగానే వేయండి. పక్క సభ్యుడి కాగితం మాత్రం మీది పూర్తయ్యేదాకా చూడకండి. ఆయన ‘మనిషిని చూస్తేనే తెలిసిపోతుందండీ’ అంటే, ఏం చూశారో ఒక్క వాక్యంలో రాసిమ్మనండి.