పాత ఇంటి గోడకు సిమెంటు పూయవచ్చా?

ప్రశ్న: చార్మినార్‌కు సుమారు 80 మీటర్ల దూరంలో మా తాతల నాటి ఇల్లుంది. రాతి గోడలు, డంగుసున్నం కట్టుబడి. పదేళ్ల కిందట వేయించిన సిమెంటు పూత పెచ్చులుగా ఊడుతోంది. మళ్లీ పూత వేయించాలంటే అనుమతి కావాలా? – ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: కావాలండీ. చార్మినార్ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. 2010లో సవరించిన చట్టం ప్రకారం రక్షిత హద్దు నుంచి 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆపై మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. నిషేధిత ప్రాంతంలో కొత్త ఇల్లు కట్టనివ్వరు. 1992 జూన్ 16కు ముందే ఉన్న ఇంటి మరమ్మతుకు మాత్రం దరఖాస్తు పెట్టుకోవచ్చు. పాత దస్తావేజు, ఇప్పటి ఫొటోలు దగ్గర పెట్టుకోండి. అనుమతి చేతికొచ్చాకే మేస్త్రీని పిలవండి.

సిమెంటు మాత్రం వద్దే వద్దు. సున్నపు గోడ తేమను పీల్చి, మళ్లీ బయటికి వదులుతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. లోపల చిక్కిన తేమతో లవణాలు పైకొచ్చి పూతను తోసేస్తాయి. మీ గోడకు జరిగింది బహుశా ఇదే.

ముందు డాబా కారుడు, గొట్టాల లీకులు ఆపండి. పాత పూతను చిన్న ఉలితో నెమ్మదిగా తీయించండి. మిషను పెడితే రాళ్ల మధ్య సున్నం కదిలిపోతుంది. కనీసం మూడు వారాలు నీళ్లలో నానిన సున్నం ఒక పాలు, జల్లించిన ఉప్పులేని ఇసుక మూడు పాళ్లు కలపాలి. గోడ బాగా తడిపి, ఒక్కో పూత 10 మిల్లీమీటర్లకు మించకుండా వేయాలి. మందంగా వేస్తే బీటలిస్తుంది. తర్వాత వారం రోజులు తడి గోనెపట్టాలు కట్టండి, ఎండ నేరుగా తగలకూడదు. వానాకాలంలో ఈ పని పెట్టుకోకండి.